గేర్‌బాక్స్ మౌంటింగులు అరిగితే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇంజన్‌ను, గేర్‌బాక్స్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు మౌంటింగుల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే శీర్షిక మొత్తం వాటికే కేటాయించాం. ఒకే సందేహం పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: మాది 2013 స్విఫ్ట్ పెట్రోల్, మాన్యువల్ గేర్లు. 90 వేల కిలోమీటర్లు దాటింది. మొదటి గేర్లో క్లచ్ వదులుతుంటే కింద ఎక్కడో 'ఠక్'మంటుంది. రివర్స్‌లో ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఒక మెకానిక్ క్లచ్ ప్లేటు అన్నాడు, ఇంకొకరు యాక్సిల్ అన్నారు, మూడో ఆయన మౌంటింగులు అన్నాడు. ముందు ఏది చూడాలి?
— తెనాలి పాఠకుడు

ముందు మౌంటింగులే చూడండి. చూడటానికి పైసా ఖర్చు లేదు, ఏదీ ఊడదీయక్కర్లేదు. పైగా మౌంటింగ్ పోయిన కారు క్లచ్ పోయిన కారులాగే వణుకుతుంది. ఆ వణుకు చూసి క్లచ్ సెట్టు మార్పించుకుని, డబ్బు పోయాక కూడా అదే చప్పుడుతో తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారు.

మీ కారులో ఇంజన్, గేర్‌బాక్స్ కలిసి అడ్డంగా కూర్చుంటాయి. వాటిని మూడు చోట్ల పట్టి ఉంచుతారు. కుడివైపు ఇంజన్ మౌంటింగ్, ఎడమవైపు గేర్‌బాక్స్ మౌంటింగ్ బరువు మోస్తాయి. కింద వెనకవైపు ఉండే టార్క్ రాడ్ బరువు మోయదు, ఇంజన్ మెలి తిరగకుండా ఆపుతుంది. గేర్‌బాక్స్ చక్రాలను ముందుకు తిప్పుతుంటే ఇంజన్ వెనక్కు తిరగాలని చూస్తుంది. రివర్స్‌లో ఇది తారుమారవుతుంది. టార్క్ రాడ్‌లోని రబ్బరు చిరిగితే మధ్యలోని ఇనుప గొట్టం వెళ్లి బయటి రింగుకు తగులుతుంది. మీకు వినిపించే 'ఠక్' చాలావరకు అదే. రివర్స్‌లో రబ్బరు ఎదురు దిక్కుకు లాగబడుతుంది కాబట్టి అక్కడ గట్టిగా తెలుస్తుంది.

పరీక్ష ఇలా చేయండి. కారును చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి, బానెట్ ఎత్తండి. ఒకరు డ్రైవింగ్ సీట్లో కూర్చుని కుడికాలు బ్రేకు మీద గట్టిగా అదిమి ఉంచాలి. మీరు మడ్‌గార్డ్ పక్కన నిలబడండి. కారుకు ముందు గానీ వెనక గానీ ఎవ్వరూ ఉండకూడదు. మొదటి గేరు వేసి, క్లచ్‌ను ఇంజన్ కొంచెం అందుకునేదాకా నెమ్మదిగా వదిలి మళ్లీ తొక్కమనండి. తర్వాత రివర్స్‌లోనూ అంతే. రెండు మూడు సెకన్లకు మించి హాఫ్ క్లచ్‌లో ఉంచితే ప్లేటు కాలుతుంది. ఇంజన్ వేలెడు మందం కదిలితే అది సహజం. అంగుళం, ఆపైన లేచి పడితే, లేదా లేచిన క్షణంలోనే చప్పుడు వస్తే మౌంటింగ్ పోయినట్టే. ఫోన్లో స్లో మోషన్ వీడియో తీసుకుంటే ఏ మూల ఎక్కువ లేస్తోందో స్పష్టంగా కనిపిస్తుంది.

తర్వాత కారును స్టాండ్ల మీద పెట్టి కిందినుంచి టార్చి వేసి చూడండి. రబ్బరు పైపొరలో సన్నటి గీతలుంటే భయపడనక్కర్లేదు. గీతలోకి స్క్రూడ్రైవర్ మొన దిగిపోతే చిరిగినట్టు. రబ్బరు ఇనుము నుంచి ఊడి వచ్చిందేమో పొడవాటి రాడ్‌తో మెల్లగా ఎత్తి చూడండి. మధ్య గొట్టం దాని గూటికి నడిమధ్యలో ఉండాలి. అది కిందికో పక్కకో ఒరిగి ఉంటే, చిరగకపోయినా రబ్బరు కుంగిపోయిందని అర్థం. కొన్ని కార్లలో కుడివైపు మౌంటింగ్ లోపల ద్రవం ఉంటుంది. అది కారితే కింద నల్లటి జిగట మరక కనిపిస్తుంది.

మిగతా అనుమానాలను తేలిగ్గా వేరు చేయవచ్చు. యాక్సిల్ జాయింట్ పోతే స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడిపినప్పుడు 'కటకట' వస్తుంది, నిలబడిన చోట రాదు. చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే లోయర్ ఆర్మ్‌లోని బుష్ (ఇనుప రింగులో కూర్చునే రబ్బరు తొడుగు) అయితే చప్పుడు ఎక్కువగా బ్రేకు వేసినప్పుడు వస్తుంది. 80 నుంచి 100 వేగంలో మాత్రమే వణుకు ఉంటే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి. ఐడిల్‌లో, అంటే బండి నిలబడి యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, ఇంజనే తడబడుతుంటే మౌంటింగుల జోలికి పోకుండా ముందు స్పార్క్ ప్లగ్గులు, కాయిళ్లు చూడండి. గేర్ రాడ్డుకు కేబుల్ కాకుండా ఇనుప లింకు ఉండే పాత కార్లలో ఇంకో గుర్తు ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా గేర్ రాడ్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. మౌంటింగ్ బాగా పోతే గేరు ఊడి న్యూట్రల్‌లో పడుతుంది.

ప్రశ్న: నాకు పనిముట్లు ఉన్నాయి, చిన్న చిన్న పనులు ఇంట్లోనే చేసుకుంటాను. గేర్‌బాక్స్ వైపు మౌంటింగ్, టార్క్ రాడ్ రెండూ నేనే మార్చుకోవచ్చా? వరసగా చెప్పండి.
— కరీంనగర్ పాఠకుడు

మార్చుకోవచ్చు. తొలిసారి చేసేవారు సగం రోజు చేతిలో పెట్టుకోండి. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి.

సామాను కొనేటప్పుడు మోడల్ పేరు చెప్పి ఊరుకోకండి. ఛాసిస్ నంబరు ఇచ్చి పార్టు నంబరు తీయించండి. ఒకే పేరున్న కారులో పెట్రోల్‌కు, డీజిల్‌కు, మాన్యువల్‌కు, ఆటోమేటిక్‌కు మౌంటింగులు వేరుగా ఉంటాయి. బోల్టు రంధ్రాలు సరిపోయినా లోపలి రబ్బరు గట్టిదనం వేరు. గేర్‌బాక్స్ మౌంటింగ్ ఒకటి, టార్క్ రాడ్ ఒకటి, వాటి లాక్ నట్లు కొత్తవి తీసుకోండి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లయితే బోల్టులూ కొత్తవే కావాలి. వాటిని కొంత బలంతో బిగించి ఆపైన మరికొంత కోణం తిప్పుతారు. అలా ఒకసారి సాగిన బోల్టు మళ్లీ పనికిరాదు.

పనిముట్లు: రెండు టన్నుల ట్రాలీ జాకీ, రెండు స్టాండ్లు, వెనక చక్రాలకు అడ్డం పెట్టే చెక్కలు, రెండు అంగుళాల మందం గల గట్టి చెక్క దిమ్మ, 10, 12, 14, 17 సాకెట్లు, పొడవాటి ఎక్స్‌టెన్షన్, పొడుగు హ్యాండిల్, వైర్ బ్రష్, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా). ముందురోజు రాత్రి బోల్టుల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి, రబ్బరు మీద పడనివ్వకండి. సిమెంటు ఇటుకల మీద గానీ, ఒక్క జాకీ మీద గానీ కారును నిలబెట్టి కిందకు దూరవద్దు. ఇటుక పగిలేముందు చెప్పదు.

చాలా మారుతి, హ్యుందాయ్ కార్లలో గేర్‌బాక్స్ మౌంటింగ్ బ్యాటరీ ట్రే కింద దాక్కుని ఉంటుంది. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ విప్పి, బ్యాటరీ తీసి, ట్రే తీయండి. అవసరమైతే ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా పక్కకు జరపండి. గేర్‌బాక్స్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ ఒకటి ఉంటుంది, అది ఎక్కడ బిగించి ఉందో ఫోటో తీసుకోండి. బ్రాకెట్ల అంచుల చుట్టూ పెయింట్ పెన్‌తో గీత గీయండి. తిరిగి పెట్టేటప్పుడు అదే చోట కూర్చోవడానికి ఆ గీతే ఆధారం.

కారు ముందుభాగం ఎత్తి స్టాండ్ల మీద దించండి. ఇప్పుడు జాకీ మీద చెక్క దిమ్మ పెట్టి గేర్‌బాక్స్ గట్టి భాగం కిందకు తీసుకెళ్లండి. ఇంజన్ ఆయిల్ ఛాంబర్ రేకు కిందా, డ్రెయిన్ బోల్టు కిందా పెట్టకూడదు. దిమ్మ ఆనేదాకా ఎత్తి, ఆపైన వెంట్రుకవాసి మాత్రమే పెంచండి. స్టాండ్ల మీద నుంచి కారే లేస్తోందంటే ఎక్కువైనట్టు.

మొత్తం పనిలో మెలకువ కావాల్సింది ఇక్కడే. మౌంటింగ్ మధ్య బోల్టు నట్టు తీసి, బోల్టును వేళ్లతో తిప్పి చూడండి. తేలిగ్గా తిరుగుతూ బయటికి వస్తే బరువు మొత్తం జాకీ తీసుకుంది. పట్టేసినట్టుంటే రంధ్రంలో కింది అంచుకో పై అంచుకో బరువు పడుతోంది. జాకీని ఒక మిల్లీమీటరు పైకీ కిందికీ ఆడించండి, ఒకచోట బోల్టు వదులవుతుంది. సుత్తితో కొట్టి తీయకండి. అలా కొడితే బోల్టు మర దెబ్బతింటుంది, అల్యూమినియం బ్రాకెట్టు బీటలిస్తుంది.

బోల్టు వచ్చాక బ్రాకెట్టు బోల్టులు తీసి, మౌంటింగ్ బయటికి వచ్చేంత మేరే గేర్‌బాక్స్‌ను దించండి. అంగుళం చాలు. దించుతున్నప్పుడు ఏసీ పైపులు, రేడియేటర్ గొట్టాలు, గేర్ కేబుళ్లు, సైలెన్సర్‌కు ఉండే మెత్తటి జాలీ పైపు, యాక్సిల్ లోపలి జాయింటు... వీటిలో ఏదీ లాగబడకుండా చూసుకోండి. బరువు మోసే రెండు మౌంటింగులను ఎప్పుడూ ఒకేసారి ఊడదీయకూడదు.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడండి. రంధ్రాల దూరం, బాణం గుర్తు, రబ్బరులోని ఖాళీలు ఏ దిక్కుకు ఉన్నాయి, ఇవన్నీ కలవాలి. పాతదానిలో మధ్య గొట్టం కొన్ని మిల్లీమీటర్లు కిందికి ఉంటే అది కుంగుదల, తేడాగా లెక్కపెట్టకండి. కొత్తది పెట్టేటప్పుడు ప్రతి బోల్టునూ చేత్తో మూడు నాలుగు చుట్లు ఎక్కించాకే పానా పట్టండి. గేర్‌బాక్స్ గూడు అల్యూమినియంతో చేసింది. అడ్డంగా ఎక్కిన ఇనుప బోల్టుకు గన్ (బోల్టులు బిగించే యంత్రం) పెడితే మర క్షణంలో ఊడిపోతుంది. రంధ్రం కలవకపోతే బోల్టుతో బలవంతం చేయకుండా జాకీని కదపండి.

బాడీవైపు, బ్రాకెట్‌వైపు బోల్టులు బిగించి, మధ్య బోల్టును మాత్రం కాస్త వదులుగా ఉంచండి. తర్వాత కిందికి వెళ్లి పాత టార్క్ రాడ్ తీసి కొత్తది పెట్టండి. దాని బోల్టులూ వేళ్లతో ఆగేంతే. ఇప్పుడు గేర్‌బాక్స్ కింది జాకీ పూర్తిగా తీసేయండి. ఇంజన్ బరువు దాని మౌంటింగుల మీదే కూర్చోవాలి. పైనుంచి ఇంజన్‌ను చేతులతో ముందుకూ వెనక్కూ నాలుగైదుసార్లు ఊపి వదలండి. అది ఆగిన చోటే దాని సహజ స్థానం. అప్పుడు ముందు గేర్‌బాక్స్ మౌంటింగ్ మధ్య బోల్టు, అన్నిటికన్నా చివర టార్క్ రాడ్ బోల్టులు పూర్తిగా బిగించండి. సస్పెన్షన్ బుష్‌లకైతే కారు చక్రాల మీద నిలబడ్డాకే బిగించాలి. ఇక్కడ ఆ అవసరం లేదు, స్టాండ్ల మీద ఉన్నా ఇంజన్ తన బరువుతో కూర్చుని ఉంటే చాలు.

ఎంత బలంతో బిగించాలన్నది మీ కారు సర్వీసు మాన్యువల్‌లో ఉంటే అదే పాటించండి. దొరకని పక్షంలో, జపాన్ తరహా కార్లలో 14 పానా పట్టే 10 మి.మీ. బోల్టుకు సుమారు 45 నుంచి 55 న్యూటన్ మీటర్లు, 17 పానా పట్టే 12 మి.మీ. బోల్టుకు సుమారు 80 నుంచి 90. ఇవి తలమీద 8.8 అంకె ఉన్న బోల్టులకు వర్తిస్తాయి. బిగించాక తల మీదుగా బ్రాకెట్టు మీదకు పెయింట్ పెన్‌తో ఒక గీత గీయండి. 500 కిలోమీటర్ల తర్వాత ఆ గీత విడిపోకుండా ఉంటే బోల్టు కదల్లేదని అర్థం.

ఎర్త్ పట్టీ మాత్రం మరిచిపోవద్దు. రబ్బరు మౌంటింగుల గుండా కరెంటు పోదు. ఆ పట్టీ లేకపోతే స్టార్టర్ లాగే వందల ఆంపియర్ల కరెంటు గేర్ కేబులూ, క్లచ్ కేబులూ వెతుక్కుని వెళ్లి వాటిని కాల్చేస్తుంది. సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతోందంటే ముందు అక్కడే చూడండి.

ప్రశ్న: ఏడాది తిరక్కుండా గేర్‌బాక్స్ మౌంటింగ్ రెండోసారి పోయింది. కంపెనీ సామానే వేయించాం. రబ్బరు మెత్తగా, ఉబ్బినట్టు తయారైంది. ఎందుకిలా?
— భీమవరం పాఠకుడు

ఉబ్బింది, మెత్తబడింది అంటే నూనె తాగింది. మౌంటింగుల్లో ఎక్కువగా వాడేది సహజ రబ్బరు. ఎన్ని లక్షలసార్లు వంగినా తట్టుకుంటుంది కాబట్టే దాన్ని వాడతారు. అయితే ఇంజన్ ఆయిలూ, డీజిలూ దానికి పడవు. నూనె పీల్చుకుని ఉబ్బి, ఇనుము నుంచి ఊడిపోతుంది.

నూనె ఎక్కడినుంచి వస్తోందో వెతకండి. యాక్సిల్ ఆయిల్ సీలు, క్లచ్ గూటి అతుకు, పైన వాల్వ్ కవర్ గ్యాస్కెట్, డీజిల్ బండయితే రిటర్న్ పైపు... ఈ వరసలో చూడండి. మన దగ్గర చాలామందికి తట్టని కారణం ఇంకొకటుంది. వాటర్ సర్వీసింగ్ అయ్యాక తుప్పు పట్టదంటూ బండి కింద డీజిలో, వాడేసిన ఇంజన్ ఆయిలో స్ప్రే చేస్తారు. ఉప్పుగాలి తగిలే మీ ప్రాంతంలో ఆ అలవాటు మరీ ఎక్కువ. మౌంటింగులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, యాక్సిల్ బూట్లు అన్నీ ఆ నూనెలో తడుస్తాయి. ఆ స్ప్రే వద్దని సర్వీసింగ్ మొదలుపెట్టకముందే గట్టిగా చెప్పండి. తుప్పు భయముంటే ఛాసిస్‌కు అండర్ బాడీ కోటింగ్ వేయించండి, రబ్బరు భాగాలను కప్పి ఉంచమనండి.

లీకు ఆపకుండా మూడో మౌంటింగ్ కొనకండి.

ప్రశ్న: మూడు మౌంటింగులూ కొత్తవి వేయించాను. చప్పుడు పోయింది గానీ ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్, సీటు ఇదివరకు లేనంతగా వణుకుతున్నాయి. మెకానిక్ 'సెట్ అవుతుంది' అంటున్నాడు.
— నరసరావుపేట పాఠకురాలు

కొత్త రబ్బరు గట్టిగా ఉంటుంది కాబట్టి మొదటి కొన్ని వందల కిలోమీటర్లు కాస్త ఎక్కువ తెలుస్తుంది, అంతవరకు ఆయన మాట నిజమే. మీరు రాసినంత వణుకు మాత్రం దానంతట అది తగ్గదు. ఎక్కువసార్లు కారణం ఒక్కటే: ఇంజన్ జాకీ మీద ఎత్తి ఉండగానే బోల్టులన్నీ గన్‌తో బిగించేశారు. జాకీ తీయగానే ఇంజన్ తన చోటికి దిగింది, అప్పటికే బిగిసిపోయిన రబ్బరు మెలిపడి ఉండిపోయింది. మెలిపడ్డ రబ్బరుకు మెత్తదనం ఉండదు, ఇంజన్ అదురునంతా నేరుగా బాడీకి పంపిస్తుంది. అలా వదిలేస్తే కొత్తది కూడా త్వరగా చిరుగుతుంది.

మీ మెకానిక్‌తో ఇలా చేయించండి. మౌంటింగుల మధ్య బోల్టులు, టార్క్ రాడ్ బోల్టులు ఊడిపోకుండా ఒక్క చుట్టు మాత్రమే వదులు చేయాలి. కారు న్యూట్రల్‌లో పెట్టి అర నిమిషం ఐడిల్‌లో నడిపి ఆపాలి. తర్వాత ముందు బరువు మోసేవి, చివర టార్క్ రాడ్ బిగించాలి. పావుగంట పని. సగానికి సగం కేసుల్లో వణుకు ఇక్కడితోనే పోతుంది.

పోకపోతే ఏదైనా తగులుతోందేమో చూడండి. మౌంటింగ్ కదలికను ఒక హద్దులో ఆపే స్టాపర్‌కూ బ్రాకెట్‌కూ మధ్య సందు ఉండాలి. అందులోకి మడతపెట్టిన విజిటింగ్ కార్డు దూరకపోతే ఇనుము ఇనుముకు ఆనినట్టే. ఏసీ పైపు బాడీకి ఆనుతోందా, సైలెన్సర్ దాని రేకు కవరుకు తగులుతోందా అన్నదీ చూడండి. ఆ తర్వాత పార్టు నంబరు. డీజిల్ మౌంటింగ్ పెట్రోల్ బండికి బిగించి ఉండవచ్చు. ఇవన్నీ సరిగ్గా ఉంటే థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే ద్వారం) శుభ్రం చేయించి, ఏసీ వేసినప్పుడు ఐడిల్ స్పీడు పడిపోతోందేమో చూడమనండి. మూడు సిలిండర్ల ఇంజనైతే ఎంత చేసినా కొంత అదురు మిగులుతుంది.

ప్రశ్న: ఘాట్ రోడ్లలో తిరిగే బొలేరో మాది. ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ వదిలితే వెనకనుంచి 'ధబ్'మని వస్తుంది, గేర్ రాడ్ ఊగుతుంది. ఇంజన్ వైపు రెండు మౌంటింగులు మార్చినా తగ్గలేదు.
— పాడేరు పాఠకుడు

మూడోది మిగిలిపోయింది. బొలేరో, స్కార్పియో, ఇన్నోవా లాంటి బళ్లలో ఇంజన్ నిలువుగా ఉంటుంది. ఇంజన్‌కు చెరోవైపు ఒక మౌంటింగ్, గేర్‌బాక్స్ తోక దగ్గర అడ్డ ఛానల్ మీద ఒకటి. ఎక్కుడులో ఎక్కువ దెబ్బ తినేది ఈ మూడోదే. అది కుంగితే గేర్‌బాక్స్ తోక కిందికి దిగి, గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు క్రాస్ (షాఫ్ట్ కీలు) దగ్గర కోణం మారుతుంది. అప్పుడు చప్పుడుతోపాటు వేగంలో అదురు మొదలవుతుంది, మంచి క్రాస్ కూడా అరుగుతుంది. కాబట్టి మౌంటింగ్ మార్చేముందు షాఫ్ట్‌ను చేత్తో తిప్పి, పైకి ఎత్తి చూడండి. క్రాస్‌లో ఆట ఉంటే రెండూ కలిపి చేయించండి, లేకపోతే 'ధబ్' సగమే తగ్గుతుంది.

పని కష్టం కాదు, తుప్పే కష్టం. ఛాసిస్‌కు అడ్డ ఛానల్ పట్టి ఉంచే బోల్టుల్లో ఏళ్ల బురద గట్టిపడి ఉంటుంది. వైర్ బ్రష్‌తో మర కనిపించేదాకా శుభ్రం చేసి, స్ప్రే కొట్టి నాననివ్వండి. ఛానల్ రంధ్రాలు కొన్నిట్లో పొడుగ్గా ఉంటాయి, ముందే గీత పెట్టుకోండి. చెక్క దిమ్మతో జాకీని గేర్‌బాక్స్ తోక కింద ఆనించండి. ఫోర్ వీల్ డ్రైవ్ బండయితే శక్తిని ముందు చక్రాలకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ బరువు ఒక పక్కకు లాగుతుంది కాబట్టి గొలుసుతోనో బెల్టుతోనో జాకీకి కట్టండి. ముందు మౌంటింగ్ నట్లు, తర్వాత ఛానల్ బోల్టులు తీయండి.

ఛానల్ తీశాక గేర్‌బాక్స్‌ను ఎక్కువగా దించవద్దు. తోక దిగితే ఇంజన్ ముందుభాగం లేస్తుంది. బెల్టుతో తిరిగే ఫ్యాన్ ఉన్న బండిలో ఫ్యాన్ రెక్క రేడియేటర్ చుట్టూ ఉండే కవరుకు ఆనుతుంది. ఆ స్థితిలో ఎవరైనా సెల్ఫ్ కొడితే రెక్క విరిగి రేడియేటర్‌లో దిగుతుంది. అందుకే బ్యాటరీ నెగెటివ్ తీసి ఉంచండి. కొత్త మౌంటింగ్ పెట్టాక ఛానల్ బోల్టులు, మౌంటింగ్ నట్లు అన్నీ వదులుగా ఎక్కించి, జాకీ తీసి, ఇంజన్‌ను ఊపి, ముందు ఛానల్‌ను, తర్వాత మౌంటింగ్‌ను బిగించండి.

గేర్‌బాక్స్ తోక దగ్గర ఆయిల్ మరక ఉంటే సీలు మార్చడంతోపాటు బ్రీదర్ చూడండి. గేర్‌బాక్స్ పైన ఉండే ఆ చిన్న గాలి రంధ్రం బురదతో మూసుకుపోతే, వేడెక్కినప్పుడు లోపలి ఒత్తిడి కొత్త సీలునుంచి కూడా ఆయిల్‌ను బయటికి తోస్తుంది. ఆ ఆయిల్ కారేది సరిగ్గా మౌంటింగ్ మీదకే. సైలెన్సర్ పైపు దగ్గరగా వెళ్లే బళ్లలో మధ్యలో ఉండే రేకు అడ్డు ఊడి ఉంటే మళ్లీ బిగించండి. ఆ వేడికి రబ్బరు గట్టిపడి పగులుతుంది.

ప్రశ్న: టార్క్ రాడ్ మొత్తం కొనకుండా బుష్ ఒక్కటే తెచ్చి లేత్‌లో ప్రెస్ చేయించవచ్చా? ఆటోనగర్‌లో పాత బుష్‌ను గ్యాస్‌తో కాల్చి తీస్తారని విన్నాను.
— విజయవాడ పాఠకుడు

బుష్ విడిగా, సరైన కొలతలో దొరికితే చేయించవచ్చు. కాల్చనివ్వకండి. కాలే రబ్బరు పొగ విషం. రాడ్ అల్యూమినియంతో పోతపోసినదైతే ఆ వేడికి దాని బలమే పోతుంది.

హైడ్రాలిక్ ప్రెస్ మీద బయటి రింగును మాత్రమే నెట్టేలా తగిన సైజు గొట్టం పెట్టి తోయాలి. మొండికేస్తే హ్యాక్‌సా బ్లేడు లోపలికి దూర్చి బయటి రింగును నిలువునా కోస్తే బిగువు వదిలేస్తుంది. రింగు పూర్తిగా తెగకముందే ఆపేయాలి. బ్లేడు రాడ్ గూటికి తగిలి గాడి పడితే కొత్త బుష్ అక్కడ నిలవదు. గూడు సన్నటి ఎమెరీ కాగితంతో శుభ్రం చేయండి, అరగదీయకండి. కొత్త బుష్‌ను రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే కాస్త ముడుచుకుని తేలిగ్గా దిగుతుంది. సబ్బునీళ్లు రాయవచ్చు, గ్రీజు రాయకూడదు.

నొక్కేముందు పాతదానిలో ఖాళీలు ఏ కోణంలో ఉన్నాయో రాడ్ మీద గీత పెట్టి ఉంచుకోవాలి. ఖాళీ ఉన్న దిక్కులో రబ్బరు మెత్తగా, లేని దిక్కులో గట్టిగా పనిచేస్తుంది. బుష్‌ను 90 డిగ్రీలు తిప్పి నొక్కితే చూడటానికి తేడా ఉండదు, నడిపితే అదురు మొత్తం లోపలికి వస్తుంది. బుష్ చేతితో నెట్టగానే దిగిపోయిందంటే గూడు వదులైనట్టే. గమ్ పూసి సరిపెడతామంటే ఒప్పుకోకండి, రాడ్ మొత్తం కొనండి.

ప్రశ్న: మా హోండా ఒడిస్సీకి బయటి కంపెనీ మౌంటింగులు వేయించాం. హైవేలో స్థిరంగా వెళ్తున్నప్పుడు నేల గుండా ఒక మూలుగు లాంటి అదురు వస్తోంది. కింద బోల్టులు మంచు ఉప్పుకు బాగా తుప్పు పట్టాయి కూడా.
— న్యూజెర్సీ పాఠకుడు

మీ ఇంజన్ స్థిరమైన వేగంలో ఆరు సిలిండర్లలో కొన్నిటిని ఆపేసే రకమై ఉండాలి. అలాంటి ఒడిస్సీల్లో ముందు, వెనక మౌంటింగులకు వైరు ప్లగ్గు ఉంటుంది. సిలిండర్లు ఆగినప్పుడు వచ్చే అదురుకు ఎదురుగా అవి కరెంటుతో కదిలి దాన్ని చంపుతాయి. ఆకారంలో అలాగే ఉండి, లోపల ఆ ఏర్పాటు లేనివి బజారులో చవకగా దొరుకుతాయి. అవి బరువు మోస్తాయి గానీ అదురును ఆపలేవు. ప్లగ్గు తగిలించారో లేదో ముందు చూడండి. తగిలించినా అదురుంటే ఆ రెండింటి వరకు కంపెనీవే వేయించండి. గేర్‌బాక్స్ వైపువి మామూలు రబ్బరువే, అక్కడ అంత పట్టింపు అక్కర్లేదు.

తుప్పు బోల్టులకు రెండు మూడు రోజుల ముందునుంచీ స్ప్రే కొడుతూ, తీసేటప్పుడు పావు చుట్టు విప్పి మళ్లీ కొంచెం బిగిస్తూ, అలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయించండి. ఒక్కసారిగా లాగితే తల తెగుతుంది.

ప్రశ్న: రబ్బరుకు బదులు పాలీయురేథేన్ బుష్‌లు వేయిస్తే జీవితాంతం చూసుకోనక్కర్లేదంటున్నారు. పాత మౌంటింగ్ ఖాళీల్లో అద్దాలు అతికించే సీలెంట్ నింపినా అంతే గట్టిగా ఉంటుందట. వేయించమంటారా?
— హైదరాబాద్ పాఠకుడు

రోజూ ఇంటిల్లిపాదీ తిరిగే కారుకు వద్దు. పాలీయురేథేన్ నూనెకు చెడదు, చిరగదు, గేర్లు చురుగ్గా పడతాయి, అది నిజమే. కానీ మౌంటింగ్ రబ్బరుకన్నా అది చాలా గట్టిది. ఐడిల్‌లో డ్యాష్‌బోర్డు గడగడలాడుతుంది, అద్దంలో వెనక బండి మసకగా కనిపిస్తుంది. ట్రాక్ మీద నడిపే కారుకు ఆ ఇబ్బంది ఓర్చుకోవచ్చు. అంతగా కావాలంటే టార్క్ రాడ్ ఒక్కదానికి, అమ్మేవాళ్ల దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మెత్తటిది వేయించండి. బరువు మోసే రెండింటినీ రబ్బరుతోనే ఉంచండి.

సీలెంట్ నింపడం చిరగని మౌంటింగ్‌ను గట్టిపరచడానికి పనికొస్తుంది. చిరిగినదాన్ని అది బాగుచేయదు, నూనె తాగిన రబ్బరుకు అసలు అతుక్కోదు. ఊళ్లో సామాను దొరక్క రెండు మూడు వారాలు నెట్టుకురావాల్సి వస్తే, రబ్బరును పెట్రోల్ తగలకుండా సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి నింపండి. ఒకటి రెండు రోజులు గట్టిపడనిచ్చాకే బిగించండి. కొత్తది వచ్చిన రోజున తీసేయండి.